ఆ మండపం కప్పు ఎవరిది?

జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో 1627లో ఒక పెద్ద లెక్కల పుస్తకం అచ్చయింది. అట్ట తెరవగానే రాగిరేకు మీద సన్నని గీతలతో చెక్కి అచ్చుతీసిన ఒక మండపం బొమ్మ ఎదురవుతుంది. గుండ్రంగా స్తంభాలు, వాటి మధ్య వేరువేరు కాలాలకు చెందిన జ్యోతిష్కులు, పైన గుమ్మటం, గుమ్మటం అంచున వరసగా నిలబడ్డ స్త్రీమూర్తులు, అన్నిటికీ పైన రెక్కలు చాచిన గద్ద. కింద పీఠం చుట్టూ పలకలు, ఒక్కో పలకలో ఒక్కో దృశ్యం. పుస్తకం పేరు రుడాల్ఫ్ సారణులు. రాసినవాడు యోహానెస్ కెప్లర్. బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో ఆలోచించినవాడూ ఆయనే. చెక్కింది నూరెంబర్గ్ శిల్పి గియోర్గ్ సెలర్.

ఈ బొమ్మను తీరిగ్గా చూస్తే ఒకచోట చూపు తట్టుకుంటుంది. మండపం కప్పు లోపలివైపు ఒక విశ్వచిత్రం గీసి ఉంది. మధ్యలో భూమి, భూమి చుట్టూ సూర్యుడు, ఆ సూర్యుడి చుట్టూ మిగతా గ్రహాలు. ఇది డెన్మార్క్ జ్యోతిష్కుడు టైకో బ్రాహే సిద్ధాంతం, కెప్లర్‌ది కాదు. కుజుడు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతాడని కెప్లర్ 1609లోనే ప్రకటించాడు. ఈ పుస్తకంలో గ్రహాల అంకెలన్నీ ఆ దీర్ఘవృత్తం మీదే కట్టాడు. అలాంటివాడు సొంత పుస్తకం గుమ్మంలో, తాను కాదన్న సిద్ధాంతాన్ని నడినెత్తిన ఎందుకు పెట్టాడు? తనేమో కింద పీఠం పలకలో, దీపం వెలుగులో, ఓ మూల ఎందుకు కూర్చున్నాడు?

సమాధానం బొమ్మలోనే ఉంది. అయితే ఆ కాలపు బొమ్మను చదివే పద్ధతి ఒకటుంది, ముందు అది తెలియాలి.

బరోక్ కాలపు ముఖచిత్రం అలంకారం కోసం వేసింది కాదు. పుస్తకంలో వాదమంతా ఒక్క పుటలో మూర్తులుగా నిలబెట్టడమే దాని పని. చేతిలో తక్కెడ ఉంటే న్యాయం, ఇసుక గడియారం ఉంటే కాలం. ఇలాంటి గుర్తుల నిఘంటువు ఒకదాన్ని చేసారే రీపా అనే ఇటలీవాడు 1593లో రోమ్‌లో అచ్చువేశాడు, 1603లో బొమ్మలతో మళ్లీ వేశాడు. యూరప్ చిత్రకారులు తరతరాలుగా దాన్ని పక్కన పెట్టుకుని పనిచేశారు.

కోనసీమ వాళ్లకు ఈ చదువు కొత్తది కాదు. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్లినవాళ్లు ముందువైపు కేశవుణ్ణి, చుట్టూ తిరిగి వెనకవైపు మోహినిని చూస్తారు. ఒకే రాతిలో ఇద్దరు. చతుర్భుజ విష్ణువుకి శంఖం, చక్రం, గద, పద్మం నాలుగూ ఎప్పుడూ ఉండేవే. ఏది ఏ చేతిలో ఉందన్న వరస మారితే పేరు మారుతుంది. ఆచమనంలో చెప్పుకునే కేశవ నామాలు 24కీ శిల్పశాస్త్రం 24 వరసలు చెప్పింది. అంటే వస్తువొక్కటే చాలదు, దాని స్థానం కూడా చదవాలి. కెప్లర్ మండపానికి తాళంచెవి ఇదే: చేతిలో ఏముంది, ఎవరు ఎక్కడున్నారు?

సారణులంటే ఏమిటో కూడా ఒక మాట. మన సిద్ధాంతిగారు పంచాంగం గుణించేటప్పుడు ఫలానా రోజున ఫలానా గ్రహం ఎక్కడుంటుందో తేల్చడానికి వాడే పట్టికలే సారణులు. సారణి మంచిదా కాదా అన్నది ఆకాశమే చెబుతుంది. లెక్కకీ ఆకాశానికీ తేడా వస్తే ఏం చేయాలన్నది మన దగ్గర ఇప్పటికీ తెగని తగాదా. పూర్వపద్ధతి పంచాంగం ఒక రోజు పండగంటే దృగ్గణిత పంచాంగం ఇంకో రోజంటుంది. 16వ శతాబ్దపు యూరప్‌లోనూ ఇదే అవస్థ. అప్పటి సారణులు గ్రహాన్ని కొన్నిసార్లు డిగ్రీల కొద్దీ దూరంలో చూపించేవి. ఆ తేడా పోగొట్టడానికి పుట్టిందే ఈ పుస్తకం.

ఇక స్తంభాల దగ్గర మొదలుపెడదాం. మండపం వెనకవైపున్నవి సరిగా చెక్కని చెట్టు మొద్దులు, కొమ్మలు నరికిన గుర్తులు కూడా పోలేదు. అక్కడ నిలబడ్డ కాల్దియా జ్యోతిష్కుడి దగ్గర పరికరం ఏదీ లేదు, చెయ్యెత్తి వేళ్ల సందులోంచే ఆకాశాన్ని కొలుస్తున్నాడు. కొంచెం ముందుకొస్తే ఇటుక కట్టుబడి స్తంభాలు, వాటి దగ్గర గ్రీకులు: నక్షత్రాల పట్టిక పట్టుకున్న హిప్పార్కస్, గీతలు గీస్తున్న టాలెమీ. అందరికంటే ముందున్న స్తంభాలు నున్నగా తీర్చినవి. వాటిలో ఒకదాని దగ్గర, సూర్యుణ్ణి విశ్వం మధ్యలో పెట్టిన కోపర్నికస్ కూర్చున్నాడు. రెండోది ఆకుల శిఖరంతో అన్నిటికంటే అందంగా ఉంది, దాని పక్కన టైకో నిలబడ్డాడు. ఆయన పరికరాలు స్తంభానికే వేలాడుతున్నాయి.

వెనకనుంచి ముందుకి వస్తున్నది కాలమే. మొద్దు ఇటుకైంది, ఇటుక నగిషీ అయింది. ఇక్కడ కెప్లర్ ఔదార్యం ఒకటి నాకు చాలా ఇష్టం. పాతవాళ్ల సిద్ధాంతాలు తప్పని ఆయనకి తెలుసు, అయినా ఒక్క స్తంభాన్నీ పడగొట్టలేదు. ఆ చెట్టు మొద్దు కూడా కప్పు మోస్తూనే ఉంది. ఎందుకంటే ఇక్కడ స్తంభమంటే సిద్ధాంతం కాదు, పరిశీలన. రెండు వేల ఏళ్ల కిందటి మనిషి వేళ్ల సందులోంచి చూసి రాసిపెట్టిన గ్రహణం కూడా లెక్కకు పనికొస్తుంది.

రెండో ఆధారం టైకో వేలు. ఆయన కప్పు లోపలి విశ్వచిత్రాన్ని చూపిస్తూ కోపర్నికస్‌తో ఏదో అంటున్నాడు. ఆ మాట లాటిన్‌లో చెక్కి ఉంది: క్విద్ సి సిక్? ఇలా అయితే ఏమంటావు, అని. తన సిద్ధాంతాన్ని తన మందిరంలో చూపిస్తున్న మనిషి, కప్పు మీద గీయించుకున్న మనిషి, ఇదే నిజం అనాలి. అలా అనలేదు, అడుగుతున్నాడు. కోపర్నికస్ నోట ఏ జవాబూ చెక్కలేదు. బొమ్మ నడిమధ్యలో తేలని ప్రశ్న ఒకటి వేలాడుతోంది. పొరపాటున ప్రశ్నగుర్తు పెట్టే మనిషి కాదు కెప్లర్. ప్రశ్నను అలా వదిలేయడానికి ఆయనకి బలమైన కారణం ఉంది.

అది తెలియాలంటే పీఠం మధ్య పలక చూడాలి. అక్కడ మనుషులు లేరు, ఒక దీవి పటం ఉంది. డెన్మార్క్ రాజు టైకోకి ఇచ్చిన వెన్ దీవి. 1576లో అక్కడ టైకో వేధశాల కట్టించాడు. దూరదర్శిని ఇంకా పుట్టని రోజులు. పెద్ద పెద్ద కోణమాపకాలతో, వట్టి కంటితో, ఇరవై ఏళ్లు ప్రతి రాత్రీ ఆకాశాన్ని కొలిచి రాసుకున్నాడు. అంత నిక్కచ్చి కొలతలు అంతకుముందు ఎవరి దగ్గరా లేవు. 1597లో దీవి వదిలేసి, 1599లో ప్రాగ్ చేరి రుడాల్ఫ్ చక్రవర్తి కొలువులో కుదిరాడు. మరుసటి ఏడాది కెప్లర్ ఆయన దగ్గర చేరాడు. 1601 అక్టోబర్ 24న టైకో కన్నుమూశాడు. తన బతుకు వృథా కాకూడదని ఆఖరి ఘడియల్లో పదేపదే అన్నాడట. సారణులు పూర్తిచేయమనీ, తన సిద్ధాంతం ప్రకారమే చేయమనీ కెప్లర్‌ని కోరాడు.

కొలతల రాతప్రతులు టైకో వారసుల ఆస్తి. వాటిని వాడుకున్నందుకు కెప్లర్ వాళ్లతో ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది, ఏళ్ల తరబడి పేచీలు పడాల్సి వచ్చింది. ఆ కొలతలు లేకుండా ఆయన కుజుడి దారి కనుక్కోలేడు. వృత్తాలతో వేసిన లెక్కకీ టైకో కొలతకీ మధ్య వచ్చిన తేడా 8 కళలు, అంటే డిగ్రీలో ఏడో వంతు కంటే తక్కువ. ఇంకొకరైతే సర్దుకుపోయేవారే. టైకో కొలత అంత తప్పదని కెప్లర్‌కి నమ్మకం. కాబట్టి వృత్తాన్నే వదిలేశాడు. టైకో మీద ఉన్న ఆ నమ్మకమే టైకో సిద్ధాంతాన్ని కూల్చింది.

ఒక పక్క చనిపోతూ అడిగిన మనిషి, ఇంకో పక్క ఆకాశం చెప్పిన నిజం. కప్పు కింద నిలబడి పైకి చూసేవాడికి టైకో చిత్రం కనబడాలి, అది కెప్లర్ ఇచ్చిన గౌరవం. దాని పక్కన ప్రశ్నగుర్తు ఉండాలి, అది కెప్లర్ చెప్పిన నిజం.

జవాబు మాత్రం ఆయన దాచలేదు, కప్పు పైభాగానికి ఎక్కించాడు. గుమ్మటం అంచున నిలబడ్డ స్త్రీమూర్తులను సరదాకి పెట్టిన దేవతలనుకుని చాలామంది వదిలేస్తారు. కెప్లర్ సొంత సరంజామా అంతా ఉన్నది వీళ్ల చేతుల్లోనే. ఒకామె చేతిలో సూదంటురాయి. గ్రహాలను సూర్యుడు అయస్కాంతంలా నడిపిస్తాడని కెప్లర్ ఊహ, అయస్కాంతాల మీద 1600లో వచ్చిన గిల్బర్ట్ పుస్తకం దానికి ప్రేరణ. ఒకామె చేతిలో రెండు పక్కలా సమానం కాని తులాదండం. సూర్యుడికి దూరమైనకొద్దీ గ్రహం నెమ్మదించే తీరుకి కెప్లర్ ఇచ్చుకున్న వివరణ అది. ఒకామె దగ్గర దూరదర్శిని, ఇంకొకామె దగ్గర నీడ వదిలే గోళం: కటకాల శాస్త్రం, గ్రహణాల శాస్త్రం. వృత్తలేఖిని, మూలమట్టం పట్టుకున్న జ్యామితి దేవత దగ్గరున్న పటంలో గీసింది వృత్తం కాదు, దీర్ఘవృత్తం. 1609 నాటి ఆవిష్కరణ నలుగురూ చూసే చోట నిలబడి ఉంది, పైకి చూడాలంతే.

వాళ్లలో లోగరిత్మికా అనే మూర్తిని దగ్గరగా చూడండి. రెండు చేతుల్లో రెండు కర్రలు, ఒకటి రెండోదానికి సరిగ్గా రెట్టింపు పొడవు. తల చుట్టూ కాంతిచక్రం ఉండాల్సిన చోట కిరణాలకి బదులు అంకెలు: 6931472. ఇది తేదీ కాదు, మంత్రసంఖ్యా కాదు. ఫోనులో సైంటిఫిక్ కాల్క్యులేటర్ తెరిచి 2కి సహజ సంవర్గమానం నొక్కితే 0.6931472 వస్తుంది. కర్రల నిష్పత్తి 1కి 2, తల చుట్టూ ఉన్నది ఆ నిష్పత్తి సంవర్గమానం. నేపియర్ సంవర్గమానాల పుస్తకం 1614లో వచ్చింది. కెప్లర్ అది చదివి 1624లో తన సొంత సంవర్గమాన పట్టికలు అచ్చువేశాడు. గుణకారాలతో ఏళ్లు పట్టే పని ఆ అంకెలతో కూడికల్లోకి దిగింది. బొమ్మల పండితులు ఎన్ని గుర్తులకైనా రెండేసి అర్థాలు చెప్పగలరు, ఈ ఒక్క గుర్తుకి రెండో అర్థం చెప్పలేరు. ఏడు అంకెలూ ఏడు సాక్ష్యాలు.

ఇప్పుడు కెప్లర్ కూర్చున్న పలక. బల్ల మీద దీపం. పైన ఆయన అంతవరకు రాసిన నాలుగు పుస్తకాల పేర్లు. బల్లగుడ్డ మీద గిలికిన అంకెలు. కాగితం కొనుక్కోలేని పేదరికానికి అది గుర్తని కొందరు చెబుతారు. నాకది అతికినట్టు అనిపించదు, రాత్రుళ్లు ఆగకుండా సాగిన లెక్కకి గుర్తు అనుకుంటే సరిపోతుంది. కానీ ఆ బల్ల మీద ఉన్న ఇంకో వస్తువు గురించి అనుమానం అక్కర్లేదు. అది చిన్న గుమ్మటం, మండపం కప్పుకి నమూనా.

చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. స్తంభాలు పాతవాళ్లవి. అందరికంటే అందమైన స్తంభం టైకోది. పునాది టైకో దీవి. కప్పు లోపలి బొమ్మ టైకో అడిగిన ప్రశ్న. ఆ కప్పు మాత్రం కెప్లర్ చేత్తో చేసింది. దాని పైన నిలబడ్డ విద్యలన్నీ కెప్లర్‌వి. ఏ సిద్ధాంతమూ తన పేరుతో గోడకెక్కించుకోకుండా, మండపాన్ని మండపం చేసే భాగం తన బల్ల మీద పెట్టుకున్నాడు. మూల పలకలో కూర్చోవడం వినయమే. కానీ శంఖచక్రాల వరస చదవగలిగినవాళ్లకి ఆ వినయంలో ఉన్న సంతకం కూడా కనిపిస్తుంది.

ఇది నా కల్పన కాదనడానికి పుస్తకంలోనే ఆధారముంది. ఉల్మ్ బడి పెద్ద హేబెన్‌ష్ట్రైట్ ఈ బొమ్మను వివరిస్తూ రాసిన లాటిన్ పద్యం ముందుపుటల్లోనే అచ్చయింది. గుర్తుల బొమ్మ చదివేటప్పుడు ఇలాంటి పక్కసాక్ష్యం లేకపోతే చూసేవాడు తన ఊహనే చూసుకుంటాడు.

గద్ద సంగతి మిగిలింది. అది చక్రవర్తి. ముక్కులోంచి నాణేలు జారుతున్నాయి. మండపం మీదుగా పడి, పీఠం దాకా వచ్చేసరికి కెప్లర్ బల్ల మీద చేరినవి ఒకటో రెండో. చక్రవర్తి కొలువు ఆయనకి బాకీపడ్డ జీతం 6,299 గిల్డర్లు. రుడాల్ఫ్ 1612లో పోయాడు. తర్వాతివాళ్లు ఆ బాకీని మూడు పట్టణాల ఖాతాలో వేశారు. అందులో పెద్ద వాటా కట్టాల్సిన నూరెంబర్గ్ అసలు కట్టనే లేదు. ఇంతలో 1626లో రైతుల తిరుగుబాటు, కెప్లర్ ఉంటున్న లింజ్ పట్టణం ముట్టడి, నిప్పంటుకుని అచ్చుయంత్రం బూడిద. ప్రతిని చంకన పెట్టుకుని కెప్లర్ ఉల్మ్ చేరాడు. యోనాస్ సౌర్ అచ్చుశాలలో సొంత డబ్బుతో వెయ్యి ప్రతులు వేయించాడు. పీఠం ఇంకో పలకలో అచ్చుయంత్రం బొమ్మ అందుకే ఉంది. ఆ యంత్రమూ మండపాన్ని మోసిన స్తంభమే.

కప్పు నిలబడిందా లేదా అన్నది ఆకాశం తేల్చింది. 1631 నవంబర్ 7న బుధుడు సూర్యబింబం మీదుగా దాటతాడని కెప్లర్ తన సారణులతో లెక్కకట్టి ప్రకటించాడు. ఆ రోజుకి ఆయన పోయి దాదాపు ఏడాది. పారిస్‌లో గసెండీ సూర్యబింబాన్ని తెర మీద పట్టి, చిన్న నల్లచుక్క కదిలిపోవడం చూశాడు. కెప్లర్ లెక్కలో తేడా పావు డిగ్రీ లోపే. పాత సారణులు నాలుగైదు డిగ్రీలు తప్పాయి.

ఇరవై ఏళ్లకి ఇంకో బొమ్మ దీనికి ఎదురు నిలిచింది. 1651లో జెసూట్ రిచోలీ అచ్చువేసిన పుస్తకం ముఖచిత్రంలో ఒక దేవత తక్కెడ పట్టుకుంటుంది. ఒక సిబ్బెలో కోపర్నికస్ విశ్వం, రెండో సిబ్బెలో టైకో పద్ధతిని కొంచెం మార్చిన రిచోలీ విశ్వం. మొగ్గింది రిచోలీ సిబ్బె. ఒళ్లంతా కళ్లున్న ఆర్గస్ చేతిలో దూరదర్శిని, నేల మీద వాలిపోయిన టాలెమీ. చాలా అందమైన చెక్కడం. కానీ అక్కడ ప్రశ్న లేదు, తీర్పే ఉంది. టైకో చేత ప్రశ్న అడిగించిన కెప్లర్ బొమ్మే నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది.

కెప్లర్ మండపంలో మన దేశపు స్తంభం లేదు. ఆయనకి తెలిసే వీలూ లేదు. భారతీయ గణితం మీద కట్టిన సారణులు మొదటిసారి పారిస్ చేరింది 17వ శతాబ్దం చివర్లో, అదీ సయాం మీదుగా. ఆ తర్వాత వెళ్లినవాటిలో ఒక కట్ట మన గోదావరి ఒడ్డుది కావచ్చు. ఫాదర్ పతూయే అనే ఫ్రెంచి మతగురువు వాటిని పారిస్ జ్యోతిష్కుడు దెలీల్‌కి పంపాడు. భారతీయ జ్యోతిషం మీద 1787లో పెద్ద పుస్తకం వేసిన బాయీ చేతికి వచ్చేసరికి ఆ సారణుల మీద ఊరి పేరు లేదు. లెక్క మొదలయ్యే తేదీ మాత్రం ఉంది: 1569 మార్చి. కెప్లర్ పుట్టడానికి ఇంకా రెండేళ్ల పైనే ఉంది.

ఊరు కనుక్కోవడానికి బాయీకి దొరికిన ఆధారం ఒక్కటే, పగటి పొడవు కట్టే సూత్రం. పగలు ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది అన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. ఆ సూత్రం 16 డిగ్రీల 16 కళల అక్షాంశానికి సరిపోయింది. మన సిద్ధాంతుల కొలతలో చెప్పాలంటే, విషువద్దినాన మధ్యాహ్నం 12 అంగుళాల శంకువు నిలబెడితే మూడున్నర అంగుళాల నీడ పడే చోటు. ఆ అక్షాంశాన్ని బట్టి బాయీ అది మచిలీపట్నం దగ్గరి నరసాపురం అయ్యుంటుందని తేల్చి, సారణులకు ఆ పేరే పెట్టాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డే ఆ నరసాపురం. అమలాపురంలో శంకువు నిలబెట్టినా నీడ దాదాపు అంతే వస్తుంది. కాబట్టి ఆ సారణులు కట్టిన సిద్ధాంతి వసిష్ఠ గోదావరికి ఏ ఒడ్డువాడో నీడ ఒక్కటే చెప్పలేదు. ప్రతిలో వాడిన గుణకాలనీ, బీజసంస్కారాలనే సవరణలనీ ఇక్కడి తాటాకు లెక్కల పుస్తకాలైన కరణగ్రంథాలతో పక్కపక్కన పెట్టి చూడాల్సిన పని ఇంకా ఉంది. ఆ పనికి కావాల్సినవాళ్లు ఫ్రెంచీ, సిద్ధాంత గణితం రెండూ వచ్చినవాళ్లు.